కూత ఆగకముందే

చెడుగుడు ఆటలో కాగితం మీదికి ఎక్కనిది ఒకటుంది. అదే కూత. గీత దాటి అవతలి జట్టులోకి వెళ్ళినవాడు ఊపిరి విడవకుండా పెట్టే కూతలో ఊరూరికీ ఒక వరస ఉండేది. పోటీల నియమాలు ఒక్కటయ్యాక ‘కబడ్డీ’ అన్న ఒక్క మాటే మిగిలింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో ఆ ఆటకు చోటు దక్కి, మన దేశానికి బంగారు పతకం వస్తే సంతోషించనిదెవరు? కాని ఆ పాత కూతలేమయ్యాయి?

అమెరికాలో లారెన్స్ రిట్టర్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడికి ఇలాంటి బెంగే పట్టుకుంది. 1961లో టై కాబ్ అనే గొప్ప బేస్‌బాల్ ఆటగాడు పోయాక, ఆ తరంవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారని టేపు రికార్డరు పట్టుకుని బయల్దేరాడు. కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్ళో, బట్టలుతికే యంత్రాల దుకాణంలో, పక్కన కూర్చున్న ముసలాయన్ని “సామ్ క్రాఫోర్డ్ తెలుసా?” అని అడిగితే, ఆయనే క్రాఫోర్డ్! 1966లో 22 మంది ఆటగాళ్ళ మాటలు పుస్తకంగా వచ్చాయి. క్రాఫోర్డ్ 1968లో కన్నుమూశాడు. రిట్టర్ ఆలస్యం చేసి ఉంటే ఆ గొంతు దక్కేది కాదు.

మన సంగతేమిటి? 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాలో కలిసింది. ఆనాటి మన ఆటగాళ్ళ గొంతులు వాళ్ళతోనే పోయాయి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి బంగారు పతకం తెచ్చిన కాతుల రవికుమార్ మన బరంపురం వాడే. ఆ గెలుపును లోకమంతా టీవీలో చూసింది. అంతకుముందు తాలింఖానాల్లో చెమటోడ్చినవాళ్ళ మాటలు ఎవరు దాచారు?

మా చిన్నాన్నకి ఎనభై దాటాయి. కుర్రతనమంతా బరంపురం వీధుల్లో చెడుగుడు ఆడినవారు. ఫోను ముందు పెడితే, “ఒరే, ఇది దేనికిరా?” అన్నారు. అన్నారే గాని, మాటల్లో పడ్డాక ఆగలేదు. ఆ తెలుగులో సగం ఒరియా దొర్లుతుంది. చివర్లో కూత పెట్టారు. దమ్ము చాలక మధ్యలో తెగింది. తెగినచోటు అలాగే ఉంచాను. మా పిల్లలకి తెలుగు అక్షరాలు రావు, కాని ఆ కూత విని, “తాతయ్యా, మళ్ళీ పెట్టు” అన్నారు. రాత అందని పిల్లలకు గొంతు అందుతోంది. మనలాంటి చోట అదేమీ చిన్న విషయం కాదు.

మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే, ఈ సముద్రపు తేమకి బూజు పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కించండి. మీ వీధిలో ఆడినవారుంటే ఈ ఆదివారమే వెళ్ళండి. పేరు, ఊరు, తేదీ ముందుగా చెప్పించండి. తర్వాత అడ్డు తగలకుండా వినండి. యాస మాత్రం దిద్దకండి.