గాయకుని పొరుగు

మనకు మిక్కిలి ప్రియమైన పాటను పాడెడివారిని మనము దగ్గరగా నెరుగుట మంచిదా, కాదా? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో దొరకినది కాదు. గోడ కావలినుండి వచ్చినది. సోదరీమణులు దీనిని మాయింటి ముచ్చటగానే చదువుదురు గాక.

కొన్నియేండ్ల క్రిందట మేము విజయనగరమున నుంటిమి. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. ఆ యూరి సంగీతాభిమానము మీరెరుగనిది కాదు. 1919వ సంవత్సరమున నచ్చట నెలకొల్పబడిన మహారాజావారి సంగీతకళాశాలకు హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) తొలి యధ్యక్షులు. అందు విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారిని (1893-1964), వారి ఫిడేలు విని, ఆచార్యునిగనే నియమించిరని యిప్పటికిని జనులు చెప్పుకొందురు. అట్టి యూర కాపురముండి పాట వినకుండుట గోదావరి యొడ్డున నుండి స్నానము చేయకుండుట వంటిది.

అచ్చట శ్రీరామనవమి పందిటిలో నొక విద్వాంసుని కచ్చేరి ప్రతియేటను వినుచుంటిమి. ఆయన పేరు చెప్పము. ఆయన తోడిరాగ మాలపించునప్పుడు మాకు కన్నులు చెమర్చుచుండెడివి. ఇట్లు పాడువాని హృదయ మెంత మెత్తనిదో కదా యని తలంచుచుంటిమి. పాట మెత్తనైనచో పాడువాడును మెత్తనివాడే కావలయునని మేమెక్కడ నేర్చితిమో చెప్పజాలము.

ఒక సంవత్సర మాయనయే కుటుంబముతో మా ప్రక్క వాటాలోనికి అద్దెకు వచ్చెను. మా సంతోషమునకు మేర లేకపోయినది. మొదటి వారమున, తెల్లవారుజామున తంబురాశ్రుతి వినబడగానే, పొయ్యిమీది పాలు మరచి రెండుమారులు పొంగించితిమి. రెండవ వారమునుండి తంబురాతోబాటు తక్కిన ధ్వనులును వినబడజొచ్చినవి. కాఫీ చల్లారినదని గద్దింపు. ఉతికిన పంచెపై మరక మిగిలినదని గద్దింపు. పిల్లవాడేడ్చిన తల్లికే గద్దింపు. ఆమె మారుపలికినట్లు మేమొకనాడును వినలేదు. ఒక సాయంకాలము గిన్నె యొకటి వచ్చి గోడకు తగిలిన చప్పుడైనది. అరగంట గడువకముందే ఆ గోడ వెనుకనుండియే కల్యాణి మొదలైనది. అంత చక్కని కల్యాణిని మేమెన్నడును వినలేదు. అదియే మాకు మరింత బాధ కలిగించినది.

ఆ యేటి నవమి పందిటిలో మేము ముందువరుసలోనే కూర్చుంటిమి. రాగమదే, గొంతు అదే. శ్రుతి యిసుమంతయు తొలగలేదు. చుట్టునున్నవారు తలలూచుచు ఆహా యనుచుండిరి. మాకు మాత్రము ప్రతి సంగతి వెనుకను ఆ గిన్నె చప్పుడే వినబడుచుండెను. సగములో లేచి వచ్చితిమి. మావారు వెంట వచ్చి, "పాట చేసిన తప్పేమి?" అని యడిగిరి. మాకు సమాధానము తోచలేదు.

ఆ రాత్రి మాకు పింగళి సూరనగారి కళాపూర్ణోదయము జ్ఞప్తికి వచ్చినది. చిన్ననాట మా తండ్రిగారు మాకు పాఠము చెప్పిన కావ్యమది. అందు నారదమహర్షి తుంబురుని గానమును జూచి యసూయపడి, అతనిని గెలుచుటకై ద్వారకకు పోయి, శ్రీకృష్ణుని దేవేరుల కడ గానవిద్య నభ్యసించును. దేవర్షికే అసూయ తప్పనప్పుడు మానవుల మాట చెప్పనేల? విద్య వేరు, గుణము వేరు అని మేమానాడే చదివితిమి. కాని పద్యములో చదువుట యొకటి, గోడ ప్రక్కన నుండి వినుట యొకటి.

కొన్నాళ్లకు ఆ విద్వాంసుని భార్య అప్పడము లొత్తుటకు సాయముగా మా యింటికి వచ్చెను. ఉండలు చేయుచు చేయుచు మేము మనసు పట్టలేక, "వదినగారూ, ఏమీ అనుకోకండి. మీవారి పాట ఇక మేము వినలేకుండా ఉన్నాము" అంటిమి. ఎందుకని ఆమె యడుగలేదు. చేతిలోని అప్పడము పలుచనగువరకు కఱ్ఱ నడిపి, అటుపిమ్మట నిట్లనెను:

"ఆ తోడిలో మీరు మెచ్చుకునే నడక మా నాన్నగారిది. ఈయన మా నాన్నగారి శిష్యులు. నాకూ అదే పాఠము. పెళ్లయిన తరువాత నేను పాడలేదు. ఈయన తోడి ఎత్తుకున్నప్పుడు మాత్రము మా నాన్నగారు నడవలో కూర్చున్నట్లే ఉంటుంది. మీరు వినడము మానితే ఆయనకు తెలియనుకూడా తెలియదు, వదినగారూ. ఆయన మాటలు మీకు కష్టముగా ఉంటే ఆ మాట ఆయనతో చెప్పాలి గాని, పాటమీద కోపమెందుకు?"

మాకు తల కొట్టివేసినట్లయినది. నిజమే. మేము పందిటినుండి లేచి వచ్చి యేదో న్యాయము చేసినట్లు భావించితిమి. గోడ కావలికి పోయి యొక్క మాటయైన చెప్పితిమా? లేదు. పాట వినకుండుట సులభము. పొరుగువానిని మందలించుట కష్టము. సులభమైనదానిని చేసి కష్టమైనదాని ఫలము కోరితిమి.

నాటిరాత్రియే మావారితో నంతయు చెప్పితిమి. మరునాడు వా రాయనను వీథి యరుగుమీదికి పిలిచి, అన్నగారు తమ్మునితో చెప్పినట్లు నెమ్మదిగా చెప్పిరి. ఆయనకు మిక్కిలి కోపము వచ్చెను. రెండునెలలు మాతో మాటలాడలేదు. గిన్నెల చప్పుడు మాత్ర మాగినది. గద్దింపులు కొంత తగ్గినవే గాని పూర్తిగా పోయినవని చెప్పజాలము. మేము చేసిన రెండవ పని యేమనగా, మా యమ్మాయికి సంగీతము చెప్పుమని ఆమెను కోరుట. మధ్యాహ్నవేళ మా యింటిలోనే మాయామాళవగౌళలో సరళీస్వరములు మొదలైనవి. మొదట నామె గొంతు బొంగురుగా, పలుకుటకే భయపడుచున్నట్లుండెను. జంటస్వరములకు వచ్చునప్పటికి ఆ భయము లేదు. కళాపూర్ణోదయమున నారదునకు గురువులు స్త్రీలేయని మాకప్పుడు మరల జ్ఞప్తికి వచ్చినది.

ఎరుక యెల్లప్పుడును పాటను చెరచునని యనుకొనరాదు. ద్వారంవారిని మే మెరుగము. వారి వాదనమును రికార్డులలో వినినవారమే. వారికి చిన్ననాటినుండియు కంటిచూపు మందమని తెలిసిన పిమ్మట, ఆ కమాను నడకలోని నిదానమును మరింత శ్రద్ధతో వినజొచ్చితిమి. ఫిడేలు మారలేదు, మా చెవి మారినది. అట్లే పొరుగువాని పాటయు మారలేదు. కావున, సోదరీమణులారా, పాటను జూచి మనిషికి లేని మంచితనమును కట్టబెట్టవలదు; మనిషిని జూచి పాటకు లేని దోషము నంటగట్టవలదు. మనిషితో తగవున్నచో దానిని మనిషితోనే తీర్చుకొనుడు.

మేమా యూరు విడిచి చాలకాలమైనది. ఎప్పుడైన రేడియోలో నాయన తోడి వచ్చినచో ఇప్పుడు లేచిపోము. అందు మేమెన్నడును చూడని యొక వృద్ధగురువు వినబడును. గోడ కావల మౌనముగా వినుచున్న యొక కూతురు వినబడును. ఆ గిన్నె చప్పుడును వినబడును. మా యమ్మాయి ప్రక్కన కూర్చుండి, "ఇది మా పంతులమ్మగారి నడకే" యనును. ఆ మాట వినుటకైనను ఆ పాట తుదివరకు విందుము.