మేమూ సఫారీకి పోయొచ్చాం

మా తమ్ముడికి తొమ్మిదేళ్లు. టీవీలో మసాయి మారా చూసినప్పటి నుంచి వాడిది ఒకటే గోల: "అక్కా, మనమూ సఫారీకి పోదాం." కెన్యా సంగతి దేవుడెరుగు, నేను హాస్టల్ నుంచి మా బలసముద్రం చేరేసరికే సగం రోజు పోతుంది. అయినా ఈ శివరాత్రికి ఇంటికి పోయినప్పుడు వాడి కోరిక తీరింది. జాగారం ఎట్లాగూ చేశాం, ఎవరూ పడుకోలేదు. తెల్లారకముందే మామ కారులో నేను, తమ్ముడు, తాత బయల్దేరాం. అమ్మ కన్నడంలో "హుషారు" అంది, తాత తెలుగులో "స్వెటర్ ఏసుకోండి" అన్నాడు. మా ఇంట్లో జాగ్రత్తలు రెండు భాషల్లో వస్తాయి.

మేం పోయింది మైదనహళ్లికి. మధుగిరి తాలూకాలో 798 ఎకరాల గడ్డి మైదానం అది. 2007లో దాన్ని జయమంగళి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఎండిన గడ్డి మీద ఎండ పడగానే తమ్ముడు "సేమ్ ఆఫ్రికా! సింహం యాడుందక్కా?" అన్నాడు. సింహం లేదు. కానీ కొంచెంసేపటికి గడ్డి కదిలింది.

మగ జింక వీపు నలుపు, పొట్ట తెలుపు, కొమ్ములు మెలితిప్పిన తాడులాగా ఉన్నాయి. దాని చుట్టూ లేత గోధుమరంగు ఆడ జింకలు. ఏం వినిపించిందో ఏమో, ఒకటి చెంగున ఎగిరింది. దాని వెనక ఒక్కొక్కటీ అదే చోట ఎగిరి పరిగెత్తాయి. వీటిని వేటాడిన చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లోనే ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి ఎనిమిదింటిని కూనోకి తెచ్చారు, అది ఇక్కడికి చాలా దూరం. తరిమేది లేకపోయినా ఇవి ఆ పరుగు మర్చిపోలేదు.

నేను ఫోన్ తీసి జూమ్ చేస్తే అంతా మసక. తాత మాత్రం వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. ముప్పై నాలుగు దాకా వచ్చాక అవి కదిలాయి, మళ్లీ మొదటి నుంచి.

"ఎందుకు తాతా?"

"ఈటిని నేనెంత తిట్టినానో తెలుసా పాపా? చెనిక్కాయ చేన్లో పడి మేసిపోయేటివి. రాత్రంతా డబ్బా కొట్టేవాణ్ని."

అంతే అన్నాడు. మళ్లీ లెక్కలో పడిపోయాడు.

అక్కడి నుంచి హిందూపురం మీదుగా వీరాపురం పోయాం. దారిలో కరెంటు తీగ మీద పాలపిట్ట. అమ్మ అయితే నీలకంఠ అంటుంది. తమాషా ఏమంటే, ఆంధ్రా రాష్ట్ర జంతువు కృష్ణజింకను కర్ణాటకలో చూశాం, కర్ణాటక రాష్ట్ర పక్షి పాలపిట్టను ఆంధ్రాలో చూశాం. వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. కింద వాసన భరించలేం, ఆ మాట ఎవరూ రాయరు! వీటిని సైబీరియా కొంగలంటారు గానీ, ఇవి మన దేశం పక్షులే. ఆఫ్రికాలో వీటికి పసుపు ముక్కు చుట్టం ఒకటుంది. ఆ మాట చెప్పగానే తమ్ముడు తృప్తిపడి నిద్రపోయాడు.

ఊరు చేరేసరికి పొద్దు వాలింది. పావగడ సోలార్ పార్క్ గురించి మీరు విని ఉంటారు. అయిదు ఊళ్లలో 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఆ అయిదింటిలో మాదీ ఒకటి. భూములు అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకిచ్చారు. మా చేనూ అందులోనే ఉంది. వానల్లేక చెనిక్కాయ ఎండిపోయిన ఏళ్లు నాకు గుర్తున్నాయి. నా హాస్టల్ ఫీజు ఆ కౌలు డబ్బే. అందుకే ఆ పలకల్ని చూసి బాధపడాలో వద్దో నాకు ఇప్పటికీ తెలీదు.

కంచె పక్కన తాత కారు ఆపమన్నాడు. లోపల ఎక్కడో తీతువు అరుస్తోంది. మా అవ్వ ఉంటే అపశకునం అని వెనక్కి తిప్పేది. వరసలన్నీ ఒకేలా ఉన్నాయి, మా చేను ఎక్కడో నాకు అంతుపట్టలేదు. తాత ఆ అరుపు వైపు చెయ్యి చూపించాడు.

"మన గట్టు కాడే. రాళ్లలో గుడ్లు పెట్టుంటాది, అందుకే ఆ అరుపు. లైట్లు ఆర్పరా, బెదురుతాది."

మామ లైట్లు ఆర్పేశాడు.