గుడా? గుడిదీర్ఘమా?

నా నోరు ఇప్పుడు ఒక అట్టముక్క. పైవరసలో తలకట్టు నుంచి ఔత్వం దాకా గుణింతపు గుర్తులు, కింద హల్లులు. నేను చూపు నిలిపిన అక్షరాన్ని మా ఆవిడ వేలితో తాకుతుంది. "క. గుడా, గుడిదీర్ఘమా?" అవునంటే కళ్లు పైకెత్తుతాను, కాదంటే రెప్ప మూస్తాను. తెలుగులో ఒక్కో అక్షరానికి రెండు చూపులు కావాలి, ఒత్తుంటే మూడు. జి.మాడుగుల చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు పిల్లలచేత గుణింతాలు దిద్దించాను. ఆ గుణింతమే ఈ రోజు నాకు అన్నం అడిగిపెడుతోంది.

మోటార్ న్యూరాన్ జబ్బు. ముందు చేతిలో సుద్దముక్క నిలవలేదు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట. కండరాలను ఆడించే నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. 1869లో ఫ్రెంచి వైద్యుడు షార్కో వివరించిన నాటి నుంచి నేటి దాకా దీన్ని నయం చేసే మందు రాలేదు. కానీ కంటిని తిప్పే కండరాల జోలికి ఇది చాలామందిలో చివరి దాకా రాదు. ఆ మాట డాక్టరు చెప్పిన రోజు ఇంటికొచ్చి అట్టముక్క తయారు చేయించుకున్నాం.

ఇప్పుడు ఆ కళ్లకే శుక్లాలు. ముందు ప, వ, ష ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మొన్న కార్తీకంలో "వలిసెలు పూశాయా" అని అడగబోయాను. "పలిసెలేటండీ?" అంది ఆవిడ. మూడుసార్లు చూపు సరిచేశాను, మూడుసార్లూ పలిసెలే. వలిసె చేలతో కొండవాలంతా పసుప్పచ్చగా పూసి ఉందని ఆమెకి తెలుసు, నాకు తెలుసు. ఆ ఒక్క మాట మా మధ్య దాటలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శుక్లం తీయడం పావుగంట పని అంటారు. నాకు కత్తి భయం లేదు, వెల్లకిలా పడుకోవడమే భయం. ఊపిరి లాగే డయాఫ్రం బలం తగ్గినవాడు వెల్లకిలా పడుకుంటే కడుపులోని బరువంతా ఛాతీ వైపు ఒత్తుతుంది, నీళ్లలో ముంచినట్టుంటుంది. పోనీ పూర్తి మత్తు ఇద్దామంటే, తర్వాత వెంటిలేటర్ తీస్తే నా ఊపిరి నేను పీల్చుకోగలనన్న నమ్మకం లేదు. అందుకని విశాఖపట్నంలో డాక్టరమ్మ ఇలా అంది: "కంట్లో చుక్కలేసి తిమ్మిరి ఎక్కిస్తాం మాస్టారూ. బల్ల తలవైపు ఎత్తుతాం. ముక్కుకి ఊపిరి అందించే బైపాప్ ఉంటుంది. ఒక కన్ను పూర్తిగా మానాకే రెండోది."

అన్నీ బాగున్నాయి. కానీ ఆ పావుగంటా ఒక కన్ను ఆమె చేతిలో, రెండోది గుడ్డ కింద. ఊపిరాడకపోతే ఎలా చెప్పను? దగ్గొస్తే? ఉమ్మి గొంతులోకి జారితే? నర్సమ్మ నా కుడిచేయి పట్టుకుని కూర్చుంటుందట. బొటనవేలు ఇంకా కాస్త కదులుతుంది. ఒకసారి నొక్కితే ఆగమని.

చాలా ఏళ్ల కిందట, రోడ్డు లేని గూడెం నుంచి డోలీ కట్టి ఒక ముసలమ్మను దింపుతుంటే వెంట నడిచాను. వెదురుబొంగు ఊగుతోంది, మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. ఆమె మాట పడిపోయింది, కళ్లు మాత్రం దారి పొడుగునా నా మీదే ఉన్నాయి. దాహమేమో, నొప్పేమో. "భయపడకు అమ్మా" అని చెబుతూనే ఉన్నాను. అడగాలని, కళ్లెత్తమనో మూయమనో చెప్పాలని నాకు తోచలేదు. ఇన్నేళ్లకి ఆ చూపు నాకు బాగా గుర్తొస్తోంది.

వచ్చే మంగళవారం తెల్లవారుజామునే పాడేరు మీదుగా ఘాట్ దిగాలి. పది రోజులుగా సాయంత్రాలు సాధన చేస్తున్నాం. వీపు కింద నాలుగు దిండ్లతో మొదలుపెట్టాం, ముఖం మీద పల్చటి తువ్వాలు. ఆవిడ గడియారం చూస్తూ నా చేయి పట్టుకుంటుంది. నిన్న రెండు దిండ్లతో పన్నెండు నిమిషాలు ఉన్నాను. పదమూడో నిమిషంలో బొటనవేలు నొక్కాను. చటుక్కున తువ్వాలు తీసి, మూడో దిండు తోసి, "తెలిసిందండీ, తెలిసింది" అంది.