పాలపుంతలో ఎటు పోదాం?

ఎలీట్ డేంజరస్‌లో గెలాక్సీ మ్యాప్ తెరిస్తే 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. మన పాలపుంతనే అసలు కొలతల్లో కట్టిన ఆట. 2014లో వచ్చింది. ఇన్నేళ్లుగా ఇంతమంది తిరుగుతున్నా, చూసింది అందులో వెయ్యో వంతు కూడా లేదు.

మరి ఎటు పోవాలి? కొత్తవాళ్లను అడిగితే సజిటేరియస్ ఏ స్టార్ అంటారు. గెలాక్సీ నడిబొడ్డున ఉన్న బ్లాక్‌హోల్, దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. ఆదివారం మా మొయినాబాద్ వైపు వచ్చే కార్లు చిలుకూరు బాలాజీ గుడికి మళ్లినట్టే. తప్పేం లేదు, దర్శనం చేసుకోవాల్సిందే. కానీ మర్రిచెట్ల నీడన చేవెళ్ల దాకా వచ్చి, అక్కడ ఏ ఊరి బాటో పట్టినవాళ్ల సరదా వేరు.

ఆటలో ఊరి బాట ఎక్కడంటారా? అందరూ పోయే తిన్నటి గీత వదిలేసి, కొన్ని వందల కాంతి సంవత్సరాలు పైకో కిందికో జరగండి. స్కాన్ చేసినా ఎవరి పేరూ కనిపించని నక్షత్రాలు మొదలవుతాయి. కనిపెట్టినవాళ్లుగా మీ పేరే పడుతుంది. అయితే ఆ డేటా స్టేషన్‌కు తెచ్చి అమ్మాలి. దారిలో ఓడ పేలిందా, అంతా గోవిందా!

దారిలో ఇంధనం దొరికేది ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్ రకం నక్షత్రాల దగ్గరే. మ్యాప్‌లో ఆ ఫిల్టర్ పెట్టుకోండి. నక్షత్రాల నుంచి ఇంధనం పట్టే ఫ్యూయల్ స్కూప్ లేకుండా మాత్రం బయల్దేరకండి.