చీకటి ఊరికి చిన్న సంచి

రాత్రయితే ఆరుబయట దీపం వెలిగించవద్దనే ఊరు మన దేశంలో ఒకటుంది. పేరు హాన్లే. లడఖ్ తూర్పు కొసన, చైనా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. అక్కడి కొండ మీద 4,500 మీటర్ల ఎత్తులో బెంగళూరుకు చెందిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వారి వేధశాల ఉంది. దాని కళ్లలో మన వీధి దీపాల వెలుతురు పడకుండా 2022 డిసెంబరులో చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. అమావాస్య రాత్రి అక్కడ నిలబడి పాలపుంతను చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మా బావమరిది తోడు వస్తానన్నాడు. "అమావాస్య పూట కొండల్లో తిరగడమేంట్రా" అని మా అత్తయ్య గారు వాడిని కసిరారు. ఇంట్లోంచి బయల్దేరేది మంచి రోజు చూసుకునేనని నచ్చజెప్పాం.

ఇలాంటి చోటికి ఏం పట్టుకెళ్లాలో ఆ ఊరే చెబుతుంది. కరెంటు అరకొర. సెప్టెంబరులోనే రాత్రిళ్లు చలి సున్నా దరిదాపులకు దిగుతుంది. గాలిలో ఆక్సిజన్ తక్కువ. పైగా తెల్లని వెలుతురు కూడదు. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని, పక్కన ఒక్కో దానికి కావలసిన వస్తువు రాశాను. పెట్టుకున్న షరతులు రెండు: వీలైనంతవరకు అన్నీ ఒకే టైప్-సి వైరుతో ఛార్జ్ కావాలి, అన్నీ కలిసి ఒక్క జిప్పు సంచిలో పట్టాలి.

కొనుగోళ్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో చేశాను. పవర్ బ్యాంకు దగ్గర దుకాణదారుడు, "సార్, ముప్పై వేల ఎంఏహెచ్‌ది తీస్కోండ్రి, ధరల పెద్ద ఫరక్ లేదు" అన్నాడు. ఇరవై వేలదే అడిగాను. కారణం విమానం. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. అదీ వంద వాట్ అవర్లు దాటకపోతేనే ఎవరినీ అడగక్కర్లేదు. నూరు నుంచి నూట అరవై దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన అసలే తీసుకెళ్లనివ్వరు. లెక్క సులువే. ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగించాలి. ఇరవై వేలకు 74 వస్తుంది, ముప్పై వేలకు 111. ఈ అంకె చెరిగిపోయినా, అసలే ముద్రించకపోయినా సెక్యూరిటీ దగ్గర పేచీ వస్తుంది.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, 'రేటెడ్ కెపాసిటీ' అని. ఇరవై వేల పవర్ బ్యాంకు మీద అది పన్నెండు వేల చిల్లర ఉంటుంది. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది, బయటికి ఇచ్చేది 5 వోల్టులు. ఆ మార్పులో, వేడిలో కొంత పోతుంది. కాబట్టి ఐదు వేల ఎంఏహెచ్ ఫోన్ నాలుగు సార్లు నిండుతుందని ఆశపడకూడదు. రెండున్నర సార్లు, మహా అయితే మూడు. బీఐఎస్ గుర్తు కింద 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో నకిలీదో అక్కడికక్కడే తేలుతుంది. నేను దుకాణంలో నిలబడి అదే చేస్తుంటే, అతను నా వంక కాసేపు చూసి, కింది అరలోంచి ఇంకో డబ్బా తీసి ఇచ్చాడు!

ఛార్జర్ 65 వాట్లది, గాలియం నైట్రైడ్ రకం. మామూలు సిలికాన్ ఛార్జర్‌కన్నా ఇందులో వేడి రూపంలో వృథా తక్కువ, అందుకే అరచేతిలో ఇమిడిపోతుంది. రెండు ఫోన్లు, పవర్ బ్యాంకు ఒకేసారి పెట్టుకోవచ్చు. గదిలో ప్లగ్గు ఒక్కటే ఉన్నచోట ఇదే ప్రాణం. వీటికి తోడు తలకు కట్టుకునే టార్చి, జానెడు ట్రైపాడ్, ఒకవైపు టైప్-సి, ఇంకోవైపు మామూలు యూఎస్‌బీ ఉన్న పెన్‌డ్రైవ్, రెండు వైర్లు. కోవిడ్ రోజుల్లో కొని అల్మరాలో పడేసిన ఆక్సీమీటర్ ఒక్కటే వైరు షరతుకు లొంగలేదు. దానికి రెండు సన్న సెల్లులు కావాలి. గిఫ్టు బుట్టలకు చుట్టే ఎర్రటి పారదర్శక కాగితం ఒకటి కూడా మడిచి పెట్టాను.

మా బావమరిది సంచి సంగతి వేరు. ల్యాప్‌టాప్, బయట తగిలించే హార్డ్ డిస్కు, కరెంటు కెటిల్, డ్రోన్. "బావా, అంత దూరం మళ్లీ మళ్లీ వెళ్తామా?" అన్నాడు. నిజమే కదా అని ఊరుకున్నాను.

ఢిల్లీ మీదుగా లేహ్‌లో దిగాం. 3,500 మీటర్ల ఎత్తు. దిగగానే చాలామంది ఫోన్లలో సిగ్నల్ మాయమైంది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడే పనిచేస్తుంది. ఈ సంగతి ముందే తెలుసు గనుక నా నంబరును హైదరాబాద్‌లోనే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకున్నాను. సిమ్ మూగబోతే బ్యాంకు ఓటీపీ కూడా రాదు. లేహ్ బజారులో నగదు కోసం తిరుగుతున్న ఒక కుర్రవాడికి ఇదే కష్టం వచ్చింది. దారి మ్యాపులు, పర్మిట్ కాగితాలు, మేం దిగబోయే ఇంటి నంబరు ఫోన్‌లో నెట్ లేకుండా తెరుచుకునేలా ముందే దించుకుని ఉంచాం.

లేహ్‌లో కనీసం రెండు రోజులు ఒళ్లు అలవాటు పడేదాకా కదలొద్దని అందరూ చెబుతారు. అల్మరాలోంచి తెచ్చిన ఆక్సీమీటర్‌కు పని పడింది అక్కడే. హైదరాబాద్‌లో 98 చూపించేది మొదటిరోజు సాయంత్రం 88 చూపించింది. మా ఊళ్లో ఆ అంకె వస్తే అంబులెన్సు పిలుస్తాం. అంత ఎత్తుకు కొత్తగా వచ్చినవాళ్లకు 85, 90 మధ్య ఉండటం మామూలే. ఒక్క అంకె చూసి బెంబేలు పడకూడదు, ధీమాగానూ ఉండకూడదు. తలనొప్పి, వాంతులు, నడకలో తూలుడు ఉంటే అంకె ఎంతున్నా కిందికి దిగడమే మందు. ఇంకోటి, చల్లబడ్డ వేలు పెడితే అది తప్పుడు లెక్క చెబుతుంది. గోళ్ల రంగు ఉన్నా అంతే. చేతులు రుద్దుకుని, వేడి టీ గ్లాసు పట్టుకుని, ఆ తర్వాత చూసుకోవాలి.

ఆ ఖాళీ సమయంలోనే బావమరిది హార్డ్ డిస్కు తీశాడు, ఫొటోలు ఎక్కిద్దామని. పెట్టె మీద రాసింది చదివి వినిపించాను: పనిచేయించగల ఎత్తు 3,000 మీటర్ల చిల్లర వరకే. లోపల గిర్రున తిరిగే పళ్లేనికి తగలకుండా దాని ముల్లు సన్నని గాలి పొర మీద తేలుతుంటుంది. గాలి పలచబడితే ఆ తేలుడు కుదరదు, ముల్లు పళ్లేన్ని గీరే ప్రమాదముంది. తిరిగే భాగాలు లేని పెన్‌డ్రైవ్‌కు, మెమరీ కార్డుకు ఈ బెడద లేదు. హార్డ్ డిస్కు, ల్యాప్‌టాప్ రెండూ లేహ్ హోటల్లో తాళం వేసిన పెట్టెలో ఉండిపోయాయి.

ఉప్షి, చుమాథాంగ్, న్యోమా మీదుగా సింధు నది పక్కనే దారి. చుమాథాంగ్‌లో నది ఒడ్డున నేలలోంచి వేడి నీళ్లు ఉబుకుతుంటాయి. బండి ఆపి కాళ్లు కాచుకున్నాం. లోమా దగ్గర వంతెన కాపలా వాళ్లు పర్మిట్లు చూశారు. సరిహద్దు ప్రాంతం కాబట్టి డ్రోన్ మాట ఎత్తవద్దని మా డ్రైవరు లేహ్‌లోనే హెచ్చరించాడు. అది కూడా ల్యాప్‌టాప్ పక్కనే పడి ఉంది.

హాన్లేలో మేం దిగింది ఒక ఇంట్లో. ఇంటావిడను అందరూ 'ఆమలే' అంటారు, అమ్మగారూ అన్నట్టు. కప్పు మీద సోలార్ పలకలు, మెట్ల కింద బ్యాటరీలు. సాయంత్రం కొన్ని గంటలే కరెంటు. బావమరిది కెటిల్ బయటికి తీసేసరికి ఆమలే కళ్లు పెద్దవి చేసి, చెయ్యి అడ్డంగా ఊపారు. అది లాగేది వెయ్యి వాట్లు. మా ఛార్జర్ నిండా లాగినా 65. ఆ కెటిల్ ఒక్కసారి మరిగితే ఇల్లంతా చీకటే. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద కాచిన నీళ్లే ఫ్లాస్కులో పోసిచ్చారు. అంత ఎత్తులో నీళ్లు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. మేం తీసుకెళ్లిన ఇన్‌స్టంట్ ఉప్మా డబ్బా మీద ఐదు నిమిషాలని రాసి ఉన్నా, పావుగంట మూతపెడితే గానీ నానలేదు. కందిపొడి కలుపుకుని తిన్నాక ఆ ఆలస్యం గుర్తుకు రాలేదు.

చీకటి పడ్డాక ఊళ్లోని ఆస్ట్రానమీ అంబాసిడర్లలో ఒకమ్మాయి వచ్చింది. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు ఇచ్చారు. వచ్చిన యాత్రికులకు ఆకాశం చూపించడం వాళ్లకు జీవనోపాధి. కిటికీలకు మందపాటి తెరలు దించి ఉన్నాయి. బావమరిది ఫోన్ టార్చి వెలిగించీ వెలిగించగానే, "సర్, సఫేద్ లైట్ బంద్" అంది. నేను ఎర్ర కాగితాన్ని రెండు మడతలు పెట్టి తల టార్చికి రబ్బరు బ్యాండుతో బిగించాను. మిగిలిన ముక్క వాడి ఫోన్ తెరకు. చీకటిలో చూడటానికి కంట్లో పనిచేసే కణాలు పూర్తిగా తేరుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్లని మెరుపు చాలు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర కాంతికి ఆ కణాలు పెద్దగా స్పందించవు. ఐదు రూపాయల కాగితం ఆ రాత్రికి మా సామానులో అన్నింటికన్నా విలువైనది.

కళ్లు అలవాటు పడ్డాక ఆకాశంలో చుక్కలు లేని జాగా వెతకాల్సి వచ్చింది. పాలపుంత ఈ కొండ నుంచి ఆ కొండకు పరుచుకుని ఉంది, మధ్యలో నల్లటి చీలికలతో సహా. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికే నూలు పోగులా కనిపించింది. శర్మిష్ఠ మండలాన్ని ఆసరా చేసుకుని ఆ అమ్మాయి ధ్రువ నక్షత్రాన్ని చూపించింది. అది మనకు ఎంత ఎత్తులో కనిపిస్తే మనం ఉన్న చోటి అక్షాంశం సుమారుగా అంత. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ తెరిచి, అంచును ధ్రువుడి వైపు గురిపెట్టి పట్టుకున్నాను. బావమరిది ఎర్ర కాగితం లోంచి తొంగిచూసి "ముప్పై మూడు" అన్నాడు. హైదరాబాద్‌లో అయితే పదిహేడు వచ్చేది. పైసా ఖర్చు లేని పరికరం.

ఫొటోలకు ట్రైపాడ్ తప్పనిసరి, టైమర్ కూడా. వేలితో నొక్కితే ఆ కుదుపుకే చుక్క గీత అవుతుంది. 500ను లెన్సు ఫోకల్ లెంత్‌తో భాగిస్తే వచ్చేది గరిష్ఠ సెకన్లు. ఫోన్ ప్రధాన కెమెరా 24 మిల్లీమీటర్లకు సమానం కాబట్టి ఇరవై సెకన్లు. అంతకుమించి తెరిచి ఉంచితే భూమి తిరుగుడు బొమ్మలో తెలిసిపోతుంది. చలికి మాత్రం ఎవరూ అతీతులు కారు. ముప్పై శాతం ఛార్జ్ ఉన్న నా ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోయింది. లిథియం బ్యాటరీలో రసాయన చర్య చలికి మందగిస్తుంది, ఛార్జ్ ఉన్నా ఇవ్వలేదు. జాకెట్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే కాసేపటికి దానంతటదే లేచింది. గడ్డకట్టేంత చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టడం ఇంకా చేటు, బ్యాటరీ లోపల లిథియం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆ రాత్రి ఫోన్, పవర్ బ్యాంకు మాతోపాటే రజాయి కిందే పడుకున్నాయి.

పొద్దున్నే వేధశాల కొండ ఎక్కాం. అక్కడి రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును రాత్రిపూట తిప్పేది రెండు వేల కిలోమీటర్ల అవతల, బెంగళూరు దగ్గరి హొస్కోటెలో కూర్చున్నవాళ్లు, ఉపగ్రహ లింకు ద్వారా. వేధశాలను నడిపే ఆస్ట్రోఫిజిక్స్ సంస్థకు పునాది వేసిన వైను బప్పు మన నిజాం కాలేజీలో చదివినవారే, ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో ఉద్యోగి. కాస్త దూరంలో గామా కిరణాల కోసం కట్టిన మేస్ టెలిస్కోపు ఉంది, 21 మీటర్ల పళ్లెంతో. 2024 అక్టోబరులో ప్రారంభమైన దాన్ని భాభా అణు పరిశోధన కేంద్రం మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తోడ్పాటుతో కట్టింది. బావమరిది ఇల్లు ఈసీఐఎల్ చౌరస్తాకు కూతవేటు దూరం. "ఇన్నాళ్లూ అది బస్టాపు పేరనుకున్నాను బావా" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క చూస్తే నా సంచి బరువు కిలో, ఖర్చు ఆరు వేల లోపు. అందులో పవర్ బ్యాంకుదే దాదాపు మూడో వంతు. అలాగని ఆ సంచిని అన్ని ఊళ్లకూ అదేపనిగా మోయడం లేదు. అరకు వెళ్లినప్పుడు టార్చి, పవర్ బ్యాంకు చాలాయి. మా పెద్దమ్మ వాళ్లు కేదార్‌నాథ్ బయల్దేరితే ఆక్సీమీటర్ కూడా ఇచ్చి పంపాను, అది 3,583 మీటర్ల ఎత్తు మరి. ట్రైపాడ్ తీసేశాను, గుళ్లో ఎలాగూ ఫొటోలు తీయనివ్వరు. దుకాణానికి వెళ్లే ముందు మనం దిగబోయే ఇంటికి ఒక్క ఫోన్ చేస్తే మేలు. కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, రాత్రి చలి ఎంత, ఏ సిమ్‌కు సిగ్నల్ దొరుకుతుంది? ఈ మూడు అడిగితే జాబితాలో సగం అక్కడే కొట్టేయొచ్చు.