వెలుతురునకు విడిచిన చోటు

గృహాలంకారమన్నంతనే మన మనస్సునకు తోచునది వస్తుసంచయము. బల్లలు, బీరువాలు, తెరలు, పటములు, బొమ్మలు ఒక్కటొక్కటిగా వచ్చి చేరి, తుదకు ఇంటివారు మసలుటకే చోటు చాలకుండ చేయుచున్నవి. ఈ సంగతి తలంపునకు వచ్చినపుడెల్ల, జపాను దేశపు వాస్తుశిల్పి తడావో ఆందో కట్టిన యొక చిన్న యిల్లు మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆందో 1941వ సంవత్సరమున ఓసాకా నగరమున జన్మించెను. అమ్మమ్మయే ఆయనను పెంచినది. వారి నివాసము ఒకదానినొకటి యానుకొనియున్న యిఱుకుటిండ్ల వరుసలోనిది. అందు వెలుతురు అరుదు. యౌవనమున కొంతకాలము ముష్టియుద్ధములు చేసెను. వాస్తుశాస్త్రమును ఏ కళాశాలయందును చదువలేదు. పుస్తకములు చదివి, దేశములు తిరిగి, కట్టడములను కన్నులార చూచి తనంతట నేర్చుకొని, 1969లో ఓసాకాలోనే కార్యాలయము తెఱచెను.

ఆ నగరమునందే సుమియోషి యను పేటలో మూడు కొయ్యయిండ్ల వరుస యుండెను. అందు నడిమిదానిని తొలగించి, 1976లో ఆయన కాంక్రీటుతో ఒక మేడ కట్టెను. వెడల్పు సుమారు 11 అడుగులు, పొడవు సుమారు 46 అడుగులు. వీధిగోడకు ద్వారము తప్ప కిటికీ యొక్కటియు లేదు. ఇరుప్రక్కల పొరుగువారి యిండ్లు. ఇక వెలుతురు వచ్చుటకు ఆకాశమొక్కటియే దారి. కావున ఉన్న కొద్దిచోటును మూడు భాగములుగా చేసి, నడిమిభాగమును కప్పు లేకుండ విడిచెను. క్రింద ముందువైపు కూర్చుండు గది, వెనుకవైపు వంట, భోజనము, స్నానము. పైని రెండుకొసల రెండు గదులు, వానిని కలుపు చిన్న వంతెన. గోడలకు సున్నము లేదు, రంగు లేదు. ఉదయము మొదలు సాయంకాలము వఱకు వానిపై జరుగు ఎండనీడలే చిత్తరువులు.

మేము ఈ యింటి పటములను చూచి మొదట ముచ్చటపడితిమి. పిదప ఇల్లాలిని తలంచుకొని చింతించితిమి. వానకురియు రాత్రి పడకగదినుండి స్నానపుగదికి పోవలెనన్న గొడుగు పట్టవలసినదే. ముందుగదిలోని యతిథికి తేనీరు కొనిపోవలెనన్నను అంతే. చలికాలమున మాట చెప్పనక్కఱలేదు. ఒక బహుమానమునకై ఈ యింటిని పరీక్షింపవచ్చిన పెద్ద శిల్పి తోగో మురానో, బహుమానము నీయవలసినది ఇందు కాపురముండువారికని పలికెనట! అయినను 1979లో జపాను వాస్తుశిల్పుల సంఘము ఈ యింటికై ఆందోకు బహుమతి నిచ్చినది.

మండువా యిండ్లలో పెరిగిన మనకు ఇంటినడుమ ఆకాశము క్రొత్తగాదు. కాని మన పెద్దలు మండువాచుట్టు వసారా దింపి, తడవక తిరుగుటకు త్రోవ నుంచిరి. 11 అడుగుల వెడల్పులో ఆందోకు వసారాకు చోటు లేదు. నడుమను కప్పియుండినచో గదులు పెరుగును, చీకటియు పెరుగును. ఆయన వెలుతురును కోరుకొనెను. దాని వెలను ఇంటివారు ప్రతిదినమును చెల్లింపవలసివచ్చెను. ఇల్లాలి యడుగులను లెక్కింపని యందము సంపూర్ణము గాదని మా యభిప్రాయము. అట్లని గాలి వెలుతురులు లేని సౌఖ్యమును సౌఖ్యమనుటకు మాకు నోరాడదు.

1989లో ఇబరాకి పట్టణమున ఆయన కట్టిన క్రైస్తవాలయముననిట్టి వివాదమే పుట్టినది. ధనము స్వల్పమగుటచే నేలకును బల్లలకును పరంజీకి వాడు పలకలనే యుపయోగించెను. ఎదుటి గోడను సిలువయాకారముగా చీల్చి, ఆ సందున ఎండను లోనికి రప్పించెను. సందునకు అద్దము వలదని ఆయన పట్టు. చలికి తాళలేమని ప్రార్థనకు వచ్చువారి మొఱ. అద్దమే నిలిచినది. 2017లో టోక్యో ప్రదర్శనమున ఆ యాలయమును అంతటి ప్రమాణమున మరల నిర్మించి, ఈసారి అద్దము లేకయే యుంచెను! శిల్పి పట్టుదలయు, వసించువారి యవసరమును రెండును నిజములే యని మాకు తోచుచున్నది.

సోదరీమణులారా, అట్టి యిల్లు కట్టుకొనుడని మేము చెప్పము. క్రొత్తవస్తువును కొనుటకు ముందు, అది యాక్రమించు చోటు ఇప్పుడు మనకేమి యిచ్చుచున్నదో యొకసారి చూడుడు. కిటికీకి అడ్డముగా నున్న బీరువాను ప్రక్కకు జరుపుటకు ఏ శిల్పియు నక్కఱలేదు. ఆ మధ్యాహ్నమే ఆ గదిలో కూర్చుండి బియ్యమేరుకొనవచ్చును.