టిక్కీలు మోసే నడుములు

గుంటూరు మిర్చి యార్డులో సీజను ఊపందుకున్న రోజులు. గేటు దాటకముందే ఘాటు గొంతుకు అడ్డం పడుతోంది. లారీ మీంచి దించిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, వీపున వేసుకుని, పరుగులాంటి నడకతో కాటా దాకా వెళ్లే ముఠా కూలీలను చాలాసేపు చూశాను. ఒక్కో టిక్కీ 40 కిలోల పైమాటే. అక్కణ్ణుంచి నగరంలోనే ఉన్న ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగానికి వెళ్లాను. పట్టేసిన నడుములు చివరికి చేరేది అక్కడికే.

గోడవారగా బల్లలు, ఓ మూల నడుముకు బరువులు కట్టి లాగే మంచం, పక్కనే కరెంటు పెట్టే మిషను. వచ్చినవాళ్ల చూపు ముందు ఆ మిషను మీదే పడుతుంది. ‘డాక్టరమ్మా, కాస్త కరెంటు పెట్టండి, తగ్గిపోద్ది’ అన్న మాట అక్కడ ఎన్నిసార్లు విన్నానో.

యాభై దాటిన ముఠా కూలీ ఒకాయన స్కానింగ్ కవరు పట్టుకుని వచ్చాడు. ‘ఎల్-4, ఎల్-5 మధ్య గ్యాప్ వచ్చిందంటమ్మా. ఇంక బరువు ముట్టుకోవద్దన్నారు.’ నొప్పికన్నా ఆ మాటే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

ఫిజియోథెరపిస్టు కవరు తీసి పక్కన పెట్టింది. ‘ముందు కాళ్లు చూద్దాం బాబాయ్.’ మడమల మీద నడిపించింది. బొటనవేలు పైకి లేపమని తన చేత్తో కిందికి నొక్కింది. మూత్రం బిగబట్టుకుపోతోందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా, సాయంత్రాలు జ్వరం వస్తోందా, మనిషి చిక్కిపోతున్నాడా అని ఒక్కొక్కటే అడిగింది. మొదటి రెండింటిలో ఏదున్నా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి, అదే రోజు ఆపరేషన్ అవసరం కావచ్చు. చివరి రెండూ ఉంటే వెన్నుపూసకు క్షయ సోకిందేమో చూడాలి. దానికి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. అదృష్టవశాత్తూ ఆయనకు ఇవేవీ లేవు.

అప్పుడు స్కానింగ్ గురించి చెప్పింది. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవాళ్లను స్కాన్ చేసినా దాదాపు 60 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ‘వయసుకి జుట్టు నెరవదా? డిస్కూ అంతే బాబాయ్.’ ఆయన నిటారుగా కూర్చున్నాడు. నా దృష్టిలో ఆ గదిలో వైద్యం మొదలైంది ఈ మాటతోనే.

తర్వాత బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపించింది. కాసేపటికి పిక్కలో లాగుతున్న నొప్పి తుంటి దాకా వెనక్కి వచ్చింది, నడుములో మాత్రం కొంచెం పెరిగింది. ఆయన కంగారుపడ్డాడు, ఆమె సంతోషించింది. కాలి నొప్పి నడుము వైపు మళ్లడం మంచి గుర్తు. ఈ పద్ధతి న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీది. 1956లో తల వైపు ఎత్తి ఉన్న బల్ల మీద ఒక రోగి పొరపాటున బోర్లా పడుకుని, లేచాక కాలి నొప్పి పోయిందన్నాడట. మెకంజీ ఆలోచన అక్కడ మొదలైంది.

మిరప కోతలకు వెళ్లే ఒకావిడ బెల్టు రాయమని పట్టుబట్టింది. నెలల తరబడి వేధించే నడుము నొప్పికి బెల్టులు, బరువులు కట్టి లాగడం మామూలు చికిత్సగా వద్దని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కరెంటు మిషనుదీ అదే సంగతి. వ్యాయామానికి మాత్రం ఆ సంస్థ మొగ్గింది. ఫిజియోథెరపిస్టు ఆవిడకు నచ్చజెప్పింది: ‘బాగా పట్టేసిన రోజు కాపడం పెట్టుకో అక్కా, డాక్టరు రాసిన మాత్ర వేసుకో. కానీ మంచం పట్టొద్దు, ఇంట్లోనైనా నాలుగడుగులు వెయ్యి. షాపులో మాత్రలు కొని రోజూ మింగావంటే కిడ్నీలు పోతాయి.’

వెళ్లే ముందు ముఠా ఆయన అసలు సంగతి అడిగాడు: ‘మళ్లీ టిక్కీ ఎప్పుడెత్తొచ్చమ్మా?’ ఎత్తొద్దనలేదామె. మోకాళ్లు వంచి, బరువును ఒంటికి ఆనించి లేవడం ఖాళీ పెట్టెతో నేర్పింది. కొన్ని వారాలు బస్తాలు కుట్టే పని అడిగి, ఆ తర్వాత చిన్న బరువులతో మొదలుపెట్టమంది. ‘నా వంతు మొయ్యకపోతే మేస్త్రి ఇంకొకణ్ణి పెట్టుకుంటాడమ్మా’ అన్నాడాయన.

ఇది ఆమె ఒక్కతే తీర్చగల చిక్కు కాదు. సీజను నెలల్లోనైనా యార్డులోనే ఒక ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి. నడుము బాగుచేసుకుని వచ్చినవాడికి కొన్నాళ్లు తేలిక పని ఇవ్వడం ముఠాల్లో కట్టుబాటు కావాలి. టిక్కీ బరువు తగ్గించే మాట రైతులు, వ్యాపారులు, ముఠా సంఘాలు కలిసి కూర్చుని ఈ సీజనులోనే తేల్చుకోవాలి.